మెమరీ ఖాళీగానే ఉంది... అయినా సర్వర్ ‘హౌస్‌ఫుల్’!

రంజాన్ వెళ్లి షవ్వాల్ నెల వచ్చిందంటే పాతబస్తీలో పెళ్లిళ్ల జోరే జోరు. ఆ సందడి అందరికంటే ముందు తెలిసేది ఛత్తా బజార్‌కి. పెళ్లి కార్డుల ప్రెస్సులకు పేరుమోసిన గల్లీలవి. ఇప్పుడక్కడ కార్డు నమూనా కూడా వాట్సాప్‌లోనే చూసుకుంటున్నారు. పేర్లు, తారీఖు, ఫంక్షన్ హాల్ వివరాలు నింపితే సర్వర్ పీడీఎఫ్ తయారుచేసి పంపుతుంది. కస్టమర్ ‘ఓకే’ అన్నాకే ప్రింటింగ్. నాలుగు దుకాణాలు కలిసి వాడుకునే అలాంటి ఒక చిన్న లైనక్స్ సర్వర్‌ని నేను చూసుకుంటాను.

ఒక శనివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. “బేటా, పీడీఎఫ్ వస్తలేదు. జుమ్మా నాడు నిఖా. పిల్ల తండ్రి ఇక్కడ్నే కూసున్నడు. పేరుల ఒక్క అక్షరం దిద్దితే అయిపాయె. కార్డులు ఊళ్లకు ఎప్పుడు పోవాలె?” అన్నాడు చాచా.

చోటు లేనిది ఎక్కడ?

సర్వర్‌లో సగం మెమరీ ఖాళీ. డిస్క్ కూడా బాగానే ఉంది. లాగ్‌లో మాత్రం ఒకే మాట పదేపదే: ‘ఫోర్క్: రిసోర్స్ టెంపరరిలీ అనవైలబుల్’.

యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో ఒక ప్రోగ్రామ్ కొత్త పని మొదలుపెట్టాలంటే తన నకలు ఒకటి తీస్తుంది. అదే ఫోర్క్. ఒక్కో యూజర్ ఖాతా కింద ఇవి ఎన్ని ఉండొచ్చో ఒక హద్దు ఉంటుంది. అది నిండితే వచ్చే జవాబే పై మాట. అంటే మిషన్ అలసిపోలేదు, ఆ ఒక్క ఖాతా నిండిపోయింది. మిగతా మూడు దుకాణాలు వేరే ఖాతాల మీద ఉన్నాయి కాబట్టి వాటి పని హాయిగా సాగుతోంది.

ఇక్కడే ఒక చిక్కు. నిండిన ఖాతాతో లాగిన్ కూడా కాలేం. లాగిన్‌కీ కొత్త ప్రాసెస్ కావాలి కదా! రూట్‌కి ఈ హద్దు వర్తించదు, అందుకే అలా వెళ్లాను. ఆ ఖాతా మీద టెర్మినల్ ముందే తెరిచి ఉంటే ఇంకో దారి ఉంది. కమాండ్ ముందు ‘ఎక్సెక్’ అని కొడితే కొత్త ప్రాసెస్ లేకుండా షెల్లే ఆ కమాండ్‌గా మారిపోతుంది. కానీ ఒక్కటే ఛాన్స్, తర్వాత ఆ టెర్మినల్ ఉండదు.

లెక్కలో మెలిక

హద్దు 1024. లిస్టు తీస్తే కనిపించినవి 91 ప్రాసెస్‌లే! మరి నిండిందెలా? లైనక్స్ ఈ హద్దు కింద థ్రెడ్‌లను కూడా లెక్కేస్తుంది. ‘పీఎస్’ కమాండ్‌కి పెద్ద ‘ఎల్’ చేర్చి చూస్తే అసలు సంగతి బయటపడింది. పీడీఎఫ్ గీయడానికి తెర వెనక ఒక బ్రౌజర్ తెరుచుకుంటుంది. కార్డు మీది ఫొటో మధ్యలో ఆగిపోతే, పాతవాళ్లెవరో రాసిన ప్రోగ్రామ్ విసిగి వెళ్లిపోతుంది కానీ బ్రౌజర్‌ని మూయదు. అలా బుధవారం నుంచి 14 బ్రౌజర్లు ఊరికే కూర్చున్నాయి. ఒక్కోదాని వెనక పదుల కొద్దీ థ్రెడ్‌లు.

ఆ పద్నాలుగింటినీ తీసేశాక నిమిషంలో చాచాకి పీడీఎఫ్ వెళ్లింది.

పెంచేస్తే పోదా?

చాలామంది చేసేది అదే. కానీ చార్మినార్ ఎక్కినవాళ్లకు తెలుసు... 149 మెట్లు, ఇరుకు మలుపులు. పైకి వెళ్లినవాళ్లు దిగకపోతే టికెట్లు ఎన్ని అమ్మి ఏం లాభం?

అసలు హద్దే లేకపోతే? తనను తానే నకలు తీసుకుంటూ పోయే ప్రోగ్రామ్‌ని ‘ఫోర్క్ బాంబ్’ అంటారు. ఒకటి రెండై, రెండు నాలుగై, 15 సార్లు రెట్టింపైతే 32,768. లైనక్స్‌లో ప్రాసెస్ నంబర్లకు చాలాకాలం డీఫాల్ట్ గరిష్ఠం అదే. అంటే సర్వర్ మొత్తం మునిగినట్టే. ఆ శనివారం మిగతా మూడు దుకాణాలను కాపాడింది ఈ హద్దే.

అందుకే 1024ని ముట్టుకోలేదు. 60 సెకన్లలో పని కాకపోతే బ్రౌజర్‌ని పిల్లా పీచుతో సహా మూసేయాలి, ఒకేసారి మూడు కార్డులే గీయాలి, లెక్క 700 దాటితే నా ఫోన్‌కి మెసేజ్ రావాలి. చేసిన మార్పులు ఇవే.

డేటాబేస్‌ల్లాంటి వాటికి నిజంగానే ఎక్కువ కావాల్సి రావొచ్చు. అప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ‘లిమిట్స్ డాట్ కాన్ఫ్’ ఫైల్ లాగిన్ అయ్యేవాళ్లకే. సిస్టమ్‌డీ నడిపే సర్వీసులు దాన్ని చూడవు. వాటికి సర్వీస్ ఫైల్‌లోనే రాయాలి. అక్కడ ‘టాస్క్స్ మ్యాక్స్’ అనే రెండో కంచె కూడా ఉంటుంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌కి అసలు ఎంత దక్కిందో ‘ప్రాక్’ ఫోల్డర్‌లో దాని నంబర్ కింద ఉన్న ‘లిమిట్స్’ ఫైల్ చెబుతుంది.

మీ జేబులోనూ ఇదే కథ

ఆండ్రాయిడ్ లోపల ఉన్నదీ లైనక్సే. ఒక్కో యాప్‌కి ఒక్కో యూజర్ నంబర్. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12, యాప్‌లు విడిగా పుట్టించే పిల్ల ప్రాసెస్‌లకు ఫోన్ మొత్తం మీద 32 అని గీత గీసింది. టెర్మక్స్‌లో కోడింగ్ నేర్చుకుంటుంటే ‘సిగ్నల్ 9’ అని చటుక్కున ఆగిపోవడం చూశారా? చాలాసార్లు కారణం ఇదే. ఆండ్రాయిడ్ 14 డెవలపర్ ఆప్షన్స్‌లో ఈ గీతను తీసేసే స్విచ్ కూడా ఉంది.

ఆ స్విచ్ నొక్కే ముందు ఒక్క నిమిషం లిస్టు తీసి చూడండి. లోపలికి వచ్చి, పనైపోయినా వెళ్లనివాళ్లు ఎవరో తేలితే సగం సమస్య అక్కడే తీరుతుంది.