ఇంటి నుంచి పని... ఎవరి ఇంటి నుంచి?

దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25న హైదరాబాద్‌లోని ఎస్సార్ నగర్ వంటి ప్రాంతాల్లో పోలీస్ స్టేషన్ల ముందు యువతీయువకులు బారులు తీరారు. హాస్టళ్ల యజమానులు ఖాళీ చేయమన్నారు. ఊరికి వెళ్లాలంటే పోలీసుల అనుమతి పత్రం కావాలి. ఆ పత్రాలు పట్టుకొని బయలుదేరినవారిని రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి ఆపేశారు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకుంటున్నవారూ, చిన్న కంపెనీల్లో అప్పుడప్పుడే కుదురుకుంటున్నవారూ వారిలో ఉన్నారు.

ఆ రోజుల్లోనే ఇదే నగరం పడమటి కొసన ఐటీ పరిశ్రమ తన సామర్థ్యాన్ని చాటుకుంది. లక్షల మంది ఉద్యోగులను ఇళ్లకు పంపి, పని మాత్రం ఆగకుండా చూసింది. తెలంగాణ ఐటీ ఎగుమతులు 2019-20లో 1.28 లక్షల కోట్ల రూపాయలు. మహమ్మారి ఏడాదిలో అవి 1.45 లక్షల కోట్లకు, 2021-22లో 1.83 లక్షల కోట్లకు పెరిగాయి. ఆ ఒక్క ఏడాదిలోనే రాష్ట్రంలో దాదాపు లక్షన్నర కొత్త ఉద్యోగాలు వచ్చాయి. 2025 నాటికి ఏ సమయంలోనైనా నాలుగో వంతు ఉద్యోగులు ఆఫీసులో ఉంటే చాలని దేశంలోని అతిపెద్ద ఐటీ సంస్థ టీసీఎస్ 2020లోనే ప్రకటించింది. ఈ విజయాన్ని నేను కాదనను. అయితే ‘ఇంటి నుంచి పని’ అన్నప్పుడు ఎవరి ఇంటిని ప్రమాణంగా తీసుకున్నారన్నదే నా ప్రశ్న.

మన సమాజంలో ఇల్లు అంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. ఊరిలో అది ఎక్కడుంది, అందులో ఎన్ని గదులున్నాయి, తలుపు వేసుకొని ఒక మనిషి ఒంటరిగా కూర్చునే వీలుందా అన్నవి తరతరాలుగా కులమూ ఆస్తీ కలిసి నిర్ణయించిన విషయాలు. 2017-18 నాటి 75వ జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతమే. ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9 శాతం. ఈ సగటు లోపల ఊరికీ వాడకూ మధ్య ఉన్న దూరాన్ని వేరే చెప్పనక్కరలేదు. సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో చదువుకున్న నాకు, చదువుకోవడానికి ఒక బల్ల, ఒక దీపం ఇంట్లో కాక హాస్టల్‌లో దొరకడమంటే ఏమిటో తెలుసు.

నా పూర్వ విద్యార్థి ఒకరు ఆ కుటుంబంలో మొదటి పట్టభద్రుడు. గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ 2020 వేసవిలో నల్లగొండ జిల్లాలోని తన ఎస్సీ కాలనీకి తిరిగి వెళ్లాడు. రెండు గదుల ఇల్లు, ఐదుగురు మనుషులు. సమావేశాల్లో కెమెరా వేయాలన్నది కంపెనీ నియమం. అతడు కూర్చునే చోట వెనక గోడకు అంబేడ్కర్ పటం ఉంది. మొదటి రోజు ఒక సహోద్యోగి అది చూసి నవ్వుతూ, ‘ఓహో, మీరు ఆ బ్యాచా?’ అన్నాడట. మరుసటి రోజు నుంచి అతడు కుర్చీని వంటగది వైపు మార్చుకున్నాడు. ‘పటం తీయలేదు సార్, నేనే జరిగాను’ అని నాతో అన్నాడు. రెండేళ్లు ఆఫీసులో ఇంటిపేరుతోనో, ఊరి పేరుతోనో ఆరా తీసినవారికి అందని సమాచారాన్ని కెమెరా ఒక్క నిమిషంలో అందించింది.

ఇంటి నుంచి పని వల్ల అద్దెలు మిగిలాయని, చాలామంది తల్లిదండ్రుల దగ్గర ఉండగలిగారని కొందరంటారు. అది నిజమే. అయితే దళిత, బహుజన కుటుంబాల మొదటి తరం ఉద్యోగులకు నగరంలోని ఆఫీసు జీతమిచ్చే చోటు మాత్రమే కాదు. ఊరి సామాజిక భూగోళం నుంచి రోజుకు తొమ్మిది గంటలైనా బయటపడే చోటు. ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఇంజనీరింగ్ చదివి, అమీర్‌పేట హాస్టల్‌లో మంచం అద్దెకు తీసుకొని వారు వేసుకున్న దారిని మహమ్మారి రాత్రికి రాత్రి మూసేసింది.

ఆ ఆఫీసులు కులరహితంగా ఉండేవని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒకే అర్హతలున్నా దళితుల పేర్లతో పంపిన దరఖాస్తులకు ప్రైవేటు సంస్థల నుంచి పిలుపులు తక్కువగా వస్తాయని సుఖదేవ్ థోరాట్, పాల్ అటివెల్ 2007లోనే నిరూపించారు. ఐటీ రంగం చెప్పుకొనే ‘ప్రతిభ’ వెనక నగర, అగ్రకుల మధ్యతరగతి నేపథ్యం ఎంతగా పనిచేస్తుందో అదే ఏడాది కరోల్ ఉపాధ్య వివరించారు. లాక్‌డౌన్ కాలంలోనే, 2020 జూన్ 30న, దళిత ఇంజనీరు పట్ల కులవివక్ష చూపారంటూ కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో సంస్థపై దావా వేసింది. సంస్థ ఆరోపణలను ఖండించింది. ఇద్దరు వ్యక్తులపై కేసును 2023లో ఉపసంహరించుకున్నారు. అయినా, సాఫ్ట్‌వేర్‌కు కులం లేదనే మాట ఆ తర్వాత మునుపటంత ధీమాగా వినిపించలేదు.

ఐటీ ఉద్యోగుల లెక్కలోకే రానివారు మరికొందరు. ఆఫీసులు మూతబడగానే అక్కడ ఊడ్చి తుడిచే మహిళలకు, కాపలాదారులకు, క్యాంటీన్ కార్మికులకు, క్యాబ్ డ్రైవర్లకు పని పోయింది. వీరిని నియమించేది కాంట్రాక్టరు కనుక ఏ కంపెనీ నివేదికలోనూ వీరి నష్టం నమోదు కాలేదు. ‘ఒక్క ఉద్యోగినీ తొలగించలేదు’ అని చెప్పుకొన్న భవనాలను అద్దంలా ఉంచింది వీరే.

తర్వాత వచ్చిన మాంద్యమూ అందరినీ సమానంగా తాకలేదు. 2022, 2023లలో నియామక పత్రాలిచ్చిన కంపెనీలు చేరిక తేదీని నెలల తరబడి వాయిదా వేశాయి. ఒక పెద్ద సంస్థ 6.5 లక్షల వార్షిక వేతనం ఇస్తామన్నవారిని 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. నాన్నకు పొలమో, దుకాణమో ఉన్న కుర్రవాడు ఏడాది ఎదురుచూడగలడు. కూలి డబ్బుతో చదివించిన తల్లి కొడుకు ఎదురుచూడలేడు. ఎదురుచూడగలగడం కూడా ఒక ఆస్తే. దాన్నీ మనం ప్రతిభగానే లెక్కిస్తున్నాం.

ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల డిమాండు వచ్చినప్పుడు పరిశ్రమ సంఘాలు 2006లో స్వచ్ఛంద చర్యల హామీ ఇచ్చాయి. రెండు దశాబ్దాల తర్వాతైనా ఫలితాలు అడిగే హక్కు మనకుంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇంటింటికీ వెళ్లి కులాల లెక్క తీసింది. ప్రజల భూమిని, రాయితీలను పొందిన రాయదుర్గం అద్దాల మేడల్లో మాత్రం ఆ లెక్క లేదు. కాంట్రాక్టు కార్మికులతో సహా ఉద్యోగుల సామాజిక వివరాలను ప్రకటించడాన్ని రాయితీలకు షరతుగా పెట్టాలి. కులవివక్షపై ఫిర్యాదు చేసే వ్యవస్థ ప్రతి సంస్థలోనూ ఉండాలి. చట్టబద్ధమైన రిజర్వేషన్లపై చర్చ అక్కడి నుంచి మొదలుకావాలి.

నా విద్యార్థి ఇప్పుడు మళ్లీ ఆఫీసుకు వెళ్తున్నాడు. వారానికి రెండు రోజులు మాత్రం ఇంటి నుంచే పని. నగరంలో అద్దెకు తీసుకున్న గదిలోనూ అంబేడ్కర్ పటం పెట్టుకున్నాడు. కుర్చీ ఏ వైపుకు వేసుకున్నావని నేనింకా అడగలేదు.