పందికొక్కునకు సంచి లేదు, కుక్కగొడుగునకు వేరు లేదు

బీదరు కోటను మోయు ఎఱ్ఱరాతి పీఠభూమిమీదను, దిగువ మంజీరా తీరపు చెఱకు చేలలోను వసించు తెలుగువారికి పందికొక్కును పరిచయము చేయనక్కఱలేదు. అయినను, ఆస్ట్రేలియాలో కడుపున సంచి గల ఒక చిన్న జంతువునకు ఆంగ్లేయులు మన పందికొక్కు పేరునే తగిలించుటచేత, ఆ రెండును ఒక వంశమువేయని నమ్మువారు చదువుకొన్నవారిలోను కలరు. ఇది అపోహ. సముద్రము దాటినది పేరే గాని జంతువు కాదు. స్వతస్సిద్ధముగా బ్రతుకు సంచిజంతువు భారతదేశమున ఒక్కటియు లేదు.

మన పందికొక్కు ఎలుకల కులమునది. మూడు వారములకు పైగా పిల్లలను గర్భమున మోసి బొరియలో కనును. ఆ పరదేశిది వేఱు దారి. దాని గర్భవాసము 12, 13 దినములకు మించదు; సెంటీమీటరు పొడవైనను ఉండీ ఉండని పిల్ల, కన్ను తెఱవకయే సంచిలోనికి ప్రాకి చనుమొనను కఱచుకొని, తక్కిన పెరుగుదలను అచ్చట పూర్తిచేసికొనును. సంచి వాకిలి వెనుకకు తిరిగియుండుటచే, తల్లి పురుగులకై నేల త్రవ్వునపుడు లోపల మన్ను పడదు. ధాన్యపు గాదెలను కొల్లగొట్టు మన ప్రాణికి ఇట్టి ఏర్పాటుతో పనియేమి?

ఇంతకంటె లోతుగా పాతుకొన్న భ్రమ కుక్కగొడుగును గూర్చినది. తొలకరి తడికి మామిడి మొద్దులపైనను, పెరటిలో పేర్చిన వంటచెఱకుపైనను గోరంత విసనకఱ్ఱవలె విచ్చుకొను తెల్లని గొడుగును శాస్త్రజ్ఞులు షైజోఫిల్లమ్ కమ్యూన్ అందురు. అంటార్కిటికా తప్ప తక్కిన ఖండములన్నిటను ఇది కలదు. దీనిని మొక్కయనుట పొరపాటు. దీనికి వేరు లేదు, పత్రహరితము లేదు. దీని కణముల గోడలలో పీత పెంకునందలి కైటిన్ ఉన్నది. వంశక్రమమును బట్టి చూచినచో, తాను మొలచిన మామిడికంటె ఇది పందికొక్కునకే దగ్గఱి చుట్టము!

ఉఱుము ఉఱిమిన రాత్రి ఇది పుట్టుననుటయు నిజము కాదు. దీని దారములు ముందే కొయ్యలో అల్లుకొనియుండును. వాన వాటికి తడినిచ్చుటయే. ఎండిన గొడుగును చచ్చినదనుకొందురు గాని, దానిని త్రిప్పి చూడుడు: అడుగున ఒక్కొక్క రేకు నిలువున చీలి, అంచులు లోనికి చుట్టుకొని, బీజములు పుట్టు చోటును కప్పుకొనియుండును. తడిసినచో అవి మరల విప్పుకొనును. ఆడ, మగ అను రెండే భేదములు దీనికి చాలలేదు కాబోలు, జతకూడు తెగలు 20,000కు పైగా కలవు.

మణిపూరు ప్రజలు దీనిని వండుకొని తినుట నిజమే. అంతమాత్రముచేత మీ పెరటి కట్టెలమీది ప్రతి కుక్కగొడుగును కూరలో వేయకుడు.