కోనసీమ లేసుపని – దాని విలువ

మన ఇండ్లలో బల్లమీది గుడ్డగను, తలగడ అంచుగను కనబడు లేసు నేడు చట్టముచేత పేరు పొందిన వస్తువైనది. నరసాపురము క్రోషా లేసునకు 2024వ సంవత్సరమున భౌగోళిక సూచిక, అనగా ఊరిపేరుతో కూడిన గుర్తింపు, లభించినది. పేరు నరసాపురముదైనను పని ఆ యూరితో ఆగలేదు. వసిష్ఠగోదావరి కావలి యొడ్డున నరసాపురము, పాలకొల్లు దీని వర్తకమునకు స్థానములు. ఈవలి యొడ్డున మన రాజోలు, అమలాపురము ప్రాంతములు ఈ పనికి నెలవులు. కావున ఈ వార్త పొరుగువారిది గాదు, మనది.

క్రోషా యనునది ఫ్రెంచి మాట. చిన్న కొక్కెమని దాని యర్థము. కొనయందు కొక్కెముగల యొక సూది, ఒక నూలుపోగు, రెండు చేతులు – ఇంతకు మించి ఈ విద్యకు పరికరము లేదు. 1844లో స్కాట్లండునుండి వచ్చిన మెక్రే యను మిషనరీ దంపతులు గోదావరీ ప్రాంతపు స్త్రీలకు దీనిని నేర్పిరని చెప్పుదురు. మరుసటి సంవత్సరమే ఐర్లండు దేశమున బంగాళాదుంప పైరునకు తెగులుపట్టి ఘోరమైన కఱవు మొదలైనది. అప్పుడచ్చటి స్త్రీలు పెక్కండ్రు ఇట్టి కొక్కెపు సూదితోనే లేసు అల్లి, అమ్మి, కుటుంబములను పోషించుకొనిరి. మనవైపునను 1899నాటి కఱవును, 1929లో మొదలైన లోకవ్యాప్తమగు వర్తకమాంద్యమును ఈ పని తట్టుకొని నిలిచినది.

ఈ విద్యలోని విశేషమును మనలో ననేకులు గమనింపరు. ఊలుతో స్వెటరు అల్లునపుడు రెండు సూదులుండును. వరుసలోని యుచ్చులన్నియు సూదిమీద తెఱచియే నిలిచియుండును. ఈ పద్ధతిని యంత్రము ఎన్నడో నేర్చినది. ఇంగ్లండున విలియం లీ యనునతడు మేజోళ్ళల్లు యంత్రమును 1589లోనే కల్పించెను. క్రోషాయం దట్లుగాదు. ఒక యుచ్చు ముగిసినగాని మఱియొకటి మొదలు కాదు. సూది ప్రతిసారియు క్రొత్తచోట దూరవలెను. ఎక్కడ దూరవలెనో కన్ను చెప్పవలెను. పరిశోధనశాలలలో ప్రయత్నములు జరుగుచున్నను, చేతి క్రోషాను ఉన్నదున్నట్లు అల్లు యంత్రము నేటికిని కర్మాగారములలో వాడుకకు రాలేదు. క్రోషా యని చౌకగా నమ్ముడగు యంత్రపు లేసు దాని పోలికయే కాని యది కాదు.

ఈ రెంటిని వేఱుపఱచుట కష్టము గాదు. చేతి పువ్వు నడుమ పుట్టి చుట్లుచుట్లుగా పెరుగును. వెనుకకు త్రిప్పి చూచినచో పోగు కొసలను దాచిన జాడ కనబడును. చివరి ముడి విప్పి లాగినచో ఉచ్చులు ఒకదాని వెంట నొకటి ఊడివచ్చును. యంత్రపు లేసులలో కొన్ని గుడ్డమీద కుట్టి, పిమ్మట నా గుడ్డను కరగించి తీసివేసినట్టివి. వానిలో ఉచ్చులే యుండవు. ఒకదానిపై నొకటి పడిన కుట్లు మాత్రమే యుండును.

నూలు విషయమునను కొంత తెలిసికొనవలెను. లేసునూలునకు పట్టువంటి నిగనిగ ఎట్లు వచ్చినది? ప్రత్తినూలును కాస్టిక్ సోడానీటిలో ముంచినచో బలము, రంగు పట్టు గుణము పెరుగునని 1844లో ఇంగ్లండు దేశీయుడు జాన్ మెర్సరు కనుగొనెను. అట్లు ముంచునపుడు పోగును బిగలాగి యుంచినచో నిగారింపుకూడ వచ్చునని 1890 ప్రాంతమున హొరేస్ లో యనునతడు చూపెను. అందుచేతనే దీనిని మెర్సరైజు నూలందురు. ఉండమీది అంకె పెరిగినకొలది పోగు సన్నమగును. 20వ నంబరుకంటె 40వది, దానికంటె 60వది సన్నము. నేడు అక్రిలిక్ నూలు రంగురంగులుగా వచ్చుచున్నది. అది తేలిక, చౌక. కాని చెమట పీల్చదు, ఇస్త్రీ వేడికి చెడును. మన ఉక్కపోత సీమకు ప్రత్తియే తగును. అనుమానమున్నచో చిన్న పోగును నిప్పునకు చూపుడు. ప్రత్తి కాగితమువలె కాలి మెత్తని బూడిద యగును. అక్రిలిక్ కరగి గట్టిపూస యగును.

ఇక అసలు సంగతి. జర్మను విదుషి మరియా మీస్ నరసాపుర ప్రాంతమున లేసుపనివారలనుగూర్చి పరిశోధించి 1982లో ఆంగ్లమున నొక గ్రంథము ప్రకటించినది. ఒకతె పువ్వులల్లును, మఱియొకతె వానిని కూర్చు అతుకుపని చేయును; నూలు తెచ్చి యిచ్చి సరకు కొనిపోవువారు వేఱు. వస్తువు సముద్రములు దాటిపోవుచుండెను. చేసిన యామె మాత్రము పనివారి లెక్కలోనికి రాక ఇంటిపట్టున కూర్చున్న గృహిణిగనే మిగిలెను. ఆమె శ్రమకు తీరికవేళ పని యని పేరు. ఈ మాటయే కూలి తగ్గుటకు మూలమని ఆ గ్రంథము చూపినది.

గృహిణికి తీరిక యెక్కడిది? అన్నము వార్చి, అంట్లు తోమి, పిల్లలను బడికంపి, ముసలివారికి మందిచ్చి, మిగిలిన గడియలో కన్నుల నొప్పించుకొని అల్లినదానికి తీరిక యని పేరా? ఆదిపర్వమున ఉదంకుడు నాగలోకమునందు తెల్లని, నల్లని నూళ్ళతో వస్త్రము నేయు నిద్దఱు స్త్రీలను చూచెను. ఆ నూళ్ళు పగళ్ళు, రాత్రులు నని పిమ్మట గురువువలన నెఱిగెను. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద చదివినపుడు ఆ కథ నాకు వింతగా తోచినది. అరుగులమీద లేసు అల్లు స్త్రీలను చూచునపుడు సత్యముగా తోచుచున్నది. లేసునం దిమిడియుండునది నూలు మాత్రమే గాదు. వారి పగళ్ళు, రాత్రులు.

అందువలన సోదరీమణులు వేళకు లెక్క వ్రాసికొనవలెను. ఒక పువ్వునకు 20 నిమిషములు పట్టినచో, 48 పువ్వుల గుడ్డకు పువ్వులే 16 గంటలు. అతుకు, అంచు, ఉతుకు వేఱు. ఈ లెక్క యొక చిన్న పుస్తకమున నున్నచో, బేరమాడువాని యెదుట నోరు పెగలును. లెక్క లేనిచో అతడు చెప్పినదే ధర.

గుర్తింపువలన కలుగు మేలును ఇట్టిదే. 1999నాటి చట్టము ప్రకారము నమోదు పదియేండ్లకు చెల్లును. పిమ్మట మరల చేయించుకొనవచ్చును. అంతకంటె ముఖ్యమైనది, ఆ వస్తువును నిజముగా తయారుచేయువారు అధికృత వినియోగదారులుగా తమ పేరు నమోదు చేయించుకొని ఆ ముద్రను వాడుకొనుటకు హక్కు పొందవచ్చును. ఈ హక్కు వర్తకునికే వదలివేసినచో ముద్రయు నాతని మూటలోనిదే యగును. పదిమంది స్త్రీలు సంఘముగా చేరి, చదువుకొన్న యొకతెచేత దరఖాస్తు వ్రాయించుకొనుట అసాధ్యము గాదు.

లేసు అల్లని మనవంటివారికిని పని కలదు. పొరుగింటి యామెచేత గుడ్డ చేయించుకొనునపుడు నూలు వెల మాత్రమే లెక్కించి, "ఊరక కూర్చుండి చేసినదే గదా" యని యనకుడు. ఎన్ని గంటలు పట్టినదని యడుగుడు. ఆ గంటలకు తగినంత యిండు.