ధనుర్వాత విషము: అందలి లోహము

మేకు గ్రుచ్చుకొనిన ధనుర్వాతము వచ్చునను భయము మన యిండ్లలో పాతదే. కాని దోషము ఇనుమునది కాదు; మట్టిలో నుండు క్లాస్ట్రిడియం టెటని అను సూక్ష్మజీవిది. గాయమున అది విడుచు విషము నరముల వెంట వెన్నుపామును చేరి, కండరములను సడలించు సందేశములను అడ్డగించును. దవడలు బిగియును, దేహము విల్లువలె వంగును.

ఆ విషము చేయు పని యెట్టిదో చిరకాలము తెలియలేదు. 1986లో శాస్త్రజ్ఞులు దాని జన్యువును ముక్కలుగా గ్రహించి, ప్రయోగశాలలో పెంచు వేరొక సూక్ష్మజీవిలో చేర్చి, ప్రతులు తీయించి, అందలి లిపిని చదివిరి. దీనినే క్లోనింగు అందురు. 1315 అమైనో ఆమ్లముల ఆ వరుసలో ఒకచోట, మాంసకృత్తులను కోయు కొన్ని ఎంజైములు జింకు లోహమును పట్టియుంచుకొను అమరిక కనబడినది.

1992లో ఇటలీలోని పాడువా శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించిరి. జింకును తొలగింపగా విషము నిర్వీర్యమైనది; మరల చేర్పగా పనిచేసినది. అనగా ఈ విషము ఒక కత్తెర; జింకు దాని పదును. సందేశ ద్రవ్యమును విడుదల చేయుటకు నరమునకు కావలసిన సినాప్టోబ్రెవిన్ అను మాంసకృత్తిని అది ఒక్కచోటనే కోయును.

కత్తెర నరములో ప్రవేశించిన పిమ్మట ప్రతివిషము దానిని చేరజాలదు. వెలుపల తిరుగుదానినే పట్టగలదు. కనుకనే టీకా ముందుగా వేయింపవలెను. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన పురుళ్ళు వ్యాపించుటచే, మన దేశమున ప్రతి జిల్లాలోను నవజాత శిశువుల ధనుర్వాతము వేయి జననములకు ఒకటికంటె తగ్గినదని 2015లో నిర్ధారణ జరిగినది. మట్టిలోని సూక్ష్మజీవి మాత్రము నశింపలేదు, టీకా మానరాదు.