ఏడు సెంటీమీటర్ల యాంటెనా.. బుల్లి విమానానికి కొండంత అండ

తలపైనుంచి విమానం వెళ్తుంటే ఫోన్ తీసి యాప్‌లో వెతికే అలవాటు మీకూ ఉండే ఉంటుంది. పాలకుర్తిలో సోమేశ్వరుడి గుట్ట మీద నిల్చున్నా సరే, ఆ చుక్క ఏ ఊరి నుంచి వస్తోంది, ఎంత ఎత్తులో, ఎంత వేగంతో పోతోందో క్షణాల్లో తెలిసిపోతుంది. మరి ఫోన్‌కి ఎవరు చెప్పారు? రాడార్ అనుకుంటారు చాలామంది. నిజానికి చాలాసార్లు చెప్పింది ఆ విమానమే! 'నేను ఫలానా, ఇక్కడున్నా' అని అది ఆగకుండా అరుస్తూనే ఉంటుంది. ఆ అరుపు పేరే ఏడీఎస్-బీ.

పెద్ద విమానాలకు ఈ ఏర్పాటు ఫ్యాక్టరీలోనే ఉంటుంది. మరి ఎవరో ఔత్సాహికుడు ఇంటి షెడ్డులో పదిహేనేళ్ల క్రితం కట్టుకున్న రెండు సీట్ల విమానం సంగతేంటి? దానికిప్పుడు ట్రాన్స్‌మిటర్, యాంటెనా తగిలించాలంటే ఏం చేయాలి? ఇక్కడే ఈసీఈ మూడో ఏడాదిలో 'ఇదెందుకు పనికొస్తుందిరా బాబూ' అంటూ చదివిన యాంటెనాల పాఠం పనికొస్తుంది.

కనిపించకపోతే ఏమవుతుంది?

1996 నవంబరు 12. హరియాణాలోని చర్ఖీ దాద్రీ ఆకాశంలో సౌదీ బోయింగ్ 747, కజకిస్థాన్ ఇల్యూషిన్-76 ఢీకొన్నాయి. 349 మంది చనిపోయారు. కజక్ విమానం తనకు చెప్పిన ఎత్తు కన్నా కిందికి దిగిపోయింది. అప్పట్లో దిల్లీ కంట్రోలర్ల దగ్గరున్నది ప్రైమరీ రాడార్ మాత్రమే. అది విమానం ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో చూపిస్తుంది. ఎత్తు చూపించదు. రెండు చుక్కలు దగ్గరవుతున్నాయని తెలుసు, ఒకే ఎత్తులో ఉన్నాయని తెలియదు.

రెండోది మన మనసుల్లో ఇంకా పచ్చిగానే ఉంది. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్‌తో సంబంధాలు తెగిపోయాయి. నల్లమలలో ఎక్కడుందో తెలుసుకోవడానికి మరుసటి రోజు ఉదయం దాకా పట్టింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా అనుకుందాం. ట్రాకింగ్ పెట్టినంత మాత్రాన వాతావరణం మారదు, ప్రమాదం ఆగదు. కానీ 'చివరిసారి ఎక్కడుంది?' అనే ప్రశ్నకు జవాబు ఉంటుంది. వెతకాల్సిన అడవి చిన్నదవుతుంది.

రెండో మాట. ఏడీఎస్-బీ సిగ్నల్ కొండల్ని దాటి రాదు. అందుకే విమానంలో ఈఎల్‌టీ అనే ఇంకో పెట్టె ఉంటుంది. గట్టి దెబ్బ తగిలితే అది 406 మెగాహెర్ట్జ్‌లో నేరుగా ఉపగ్రహాలకు సంకేతం పంపాలి. మన దేశంలో ఆ సంకేతాలను అందుకునే కేంద్రం బెంగళూరులో, ఇస్రోకు చెందిన ఇస్ట్రాక్‌లో ఉంది. ఒకటి ఎగురుతున్నప్పటి ఆచూకీ, రెండోది పడిపోయాక ఆచూకీ. ఒకదానికి ఇంకోటి బదులు కాదు.

ఇంతకీ ఏం చెబుతుంది?

నేల మీది రాడార్ 1030 మెగాహెర్ట్జ్‌లో 'ఎవరు నువ్వు?' అని అడిగితే, విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090లో జవాబిస్తుంది. ఇది పాత పద్ధతి. ఏడీఎస్-బీలో ఎవరూ అడగాల్సిన పనిలేదు. గాల్లో ఉన్నంతసేపు సెకనుకు రెండుసార్లు స్థానం, రెండుసార్లు వేగం తనంతట తనే ప్రసారం చేస్తుంది. ఒక్కో సందేశం 112 బిట్లు. పంపడానికి పట్టే సమయం 120 మైక్రోసెకన్లు.

ప్రతి సందేశంలో విమానానికి ఆధార్ లాంటి 24 బిట్ల నంబరు ఉంటుంది. ప్రపంచం మొత్తానికి అలాంటివి 1,67,77,216. అందులో భారత్ వాటా 2,62,144. స్థానం జీపీఎస్ నుంచి, ఎత్తు గాలి పీడనాన్ని కొలిచే ఎన్‌కోడర్ నుంచి వస్తాయి.

'జీపీఎస్సే కదా, నా ఫోన్‌లోనూ ఉంది' అంటారా? తేడా ఉంది. ఫోన్ 'నువ్వు ఇక్కడున్నావ్' అని చెప్పి ఊరుకుంటుంది. విమానానికి పనికొచ్చే జీపీఎస్ 'ఇక్కడున్నావ్, నేను పొరబడితే ఇంతకు మించి పొరబడను' అనే హామీ కూడా ఇవ్వాలి. అమెరికాలో ఆ హామీకి వాస్ అనే వ్యవస్థ సాయం చేస్తుంది. మన దగ్గర అదే పని చేసేది ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి తయారుచేసిన గగన్. 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో గగన్ సాయంతోనే దిగింది.

షెడ్డులో కట్టిన విమానాలకు గడువు

సొంతంగా విమానం కట్టుకునే సంస్కృతి ఎక్కువగా ఉన్నది అమెరికాలో. 1953లో మొదలైన ఈఏఏ అనే సంఘం దానికి పెద్ద దిక్కు. విమానంలో సగం కన్నా ఎక్కువ పనిని సొంత నేర్పు కోసం ఔత్సాహికులే చేస్తే దాన్ని ప్రయోగాత్మక విభాగంలో నమోదు చేసుకోవచ్చు. అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2010లో ఒక నిబంధన తెచ్చింది. 2020 జనవరి 1 నుంచి పెద్ద విమానాశ్రయాల చుట్టూ, ఇంకా 10 వేల అడుగుల పైన ఎగరాలంటే ఏడీఎస్-బీ తప్పనిసరి. అంతే, ఎప్పుడో కట్టేసిన విమానాలను మళ్లీ విప్పాల్సి వచ్చింది.

ఇందులో ఆలోచించాల్సిన పాయింట్ ఒకటుంది. ఇంట్లో కట్టిన విమానానికి పెట్టే పరికరం మీద సర్టిఫికెట్ ముద్ర ఉండాల్సిన పనిలేదు. కానీ పనితీరు మాత్రం ముద్ర ఉన్నదానితో సమానంగా ఉండి తీరాలి. అంటే స్వేచ్ఛ మీదే, పూచీ కూడా మీదే. కొన్ని కంపెనీలు తెలివైన దారి కనిపెట్టాయి. యూఏవియానిక్స్ వాళ్ల స్కైబీకన్ చూడండి. రెక్క చివరి లైటు తీసేసి దాన్ని బిగిస్తే చాలు. లైటు, జీపీఎస్, ట్రాన్స్‌మిటర్ మూడూ అందులోనే. అయితే అది పనిచేసేది అమెరికా వాళ్లు చిన్న విమానాల కోసం వాడుకునే 978 మెగాహెర్ట్జ్‌లో. మన ఆకాశానికి 1090 ఒక్కటే భాష.

యాంటెనా ఎక్కడ బిగించాలి?

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. 1090 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 27.5 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు అంటే దాదాపు 7. యాంటెనా కడ్డీ పొడవు అంతే, మన చూపుడు వేలంత! కానీ కడ్డీ ఒక్కటే సగం యాంటెనా. మిగతా సగం దాని మొదట్లో ఉండే లోహపు రేకు, అదే గ్రౌండ్ ప్లేన్. అల్యూమినియం విమానమైతే ఒళ్లే రేకు, చింత లేదు. చెక్క, గుడ్డ, ఫైబర్‌గ్లాస్‌తో కట్టినదైతే లోపలి నుంచి అల్యూమినియం పళ్లెం ఒకటి బిగించాలి. కడ్డీకి అన్ని వైపులా కనీసం 7 సెంటీమీటర్లు ఉండాలి, ఇంకాస్త పెద్దదైతే మేలు. పరికరం మాన్యువల్ ఇచ్చిన కొలతే ఫైనల్.

చోటు విషయానికొస్తే, పొట్ట కింద నిటారుగా ఉండాలి. చక్రాల కాళ్లు, ఎగ్జాస్ట్ గొట్టం, ఇతర యాంటెనాలు దగ్గర్లో ఉంటే సిగ్నల్‌కు నీడ పడుతుంది. పైలట్ సీటు కింద నేరుగా పెట్టడం కూడా మంచిది కాదు. జీపీఎస్ యాంటెనా దీనికి పూర్తి వ్యతిరేకం. దానికి ఆకాశం కనపడాలి కాబట్టి వీపు మీద ఉండాలి.

ఇక కేబుల్. చవగ్గా దొరికే సన్న ఆర్‌జీ-58 ఈ పౌనఃపున్యంలో మీటరుకు అర డెసిబెల్ పైనే తినేస్తుంది. 3 డెసిబెల్స్ పోయాయంటే పవర్ సగం పోయినట్టే. ట్రాన్స్‌పాండర్‌ను ప్యానెల్‌లో పెట్టి, యాంటెనాను తోక దగ్గర పెట్టి, మధ్యలో ఐదు మీటర్లు లాగారనుకోండి.. డబ్బు పెట్టి కొన్న పవర్‌లో సగం కేబుల్‌ని వేడి చేయడానికే సరి. అందుకే కేబుల్ వీలైనంత పొట్టిగా ఉండాలి. రకం కూడా ముఖ్యమే. టెఫ్లాన్ తొడుగున్న ఆర్‌జీ-400 వేడికి తట్టుకుంటుంది. పీవీసీ తొడుగు కాలితే వచ్చే పొగ కాక్‌పిట్‌లో పీల్చదగ్గది కాదు.

పాలకుర్తి నుంచి శంషాబాద్‌కు వినిపిస్తుందా?

ఈ సిగ్నల్ దాదాపు కంటిచూపు లాంటిది. భూమి వంపు అడ్డొస్తే ఆగిపోతుంది. మీటర్లలో ఎత్తు వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో పరిధి వస్తుంది. పాలకుర్తి మీద 1000 అడుగుల్లో, అంటే 305 మీటర్లలో ఒక బుల్లి విమానం ఎగురుతోందనుకుందాం. దాని పరిధి 72 కిలోమీటర్లు. శంషాబాద్‌లో 10 మీటర్ల స్తంభం మీద రిసీవర్ ఉందనుకుంటే దానికి మరో 13. మొత్తం 85. కానీ రెండింటి మధ్య దూరం గీత గీసినట్టు చూస్తే సుమారు 115. వినపడదు! నేల ఎత్తుపల్లాలు పక్కనపెడితే, విమానం 2000 అడుగులు దాటాకే వినిపిస్తుంది. ఎంత ఖరీదైన ట్రాన్స్‌మిటర్ కొన్నా ఈ లెక్క మారదు. దగ్గర్లో ఇంకో రిసీవర్ పెట్టడమే మార్గం.

బిగించాక అసలు పరీక్ష

లైటు వెలిగింది కదా అని వదిలేస్తే కుదరదు. ఇలాంటి పనుల్లో తరచూ దొర్లేవి చిన్న తప్పులే. 24 బిట్ల నంబరులో ఒక అంకె తేడా, జీపీఎస్ ఇవ్వాల్సిన హామీ సమాచారం ట్రాన్స్‌పాండర్‌కి చేరకపోవడం.. ఇలాంటివి. అమెరికాలో ఒకసారి ఎగిరొచ్చాక, ఎఫ్ఏఏ నుంచి ఆ ప్రయాణం పనితీరు నివేదికను ఉచితంగా తెప్పించుకోవచ్చు. ఎక్కడ తప్పిందో అందులో ఎర్రగా కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. 'మనమూ ట్రై చేద్దాం' అని హాస్టల్ రూంలో 1090లో ప్రసారం చేశారో, అది నేరం. కంట్రోలర్ తెరమీద లేని విమానాన్ని పుట్టించినట్టవుతుంది. వినడం వేరు, అరవడం వేరు.

మన దగ్గర దారి ఉందా?

ఉంది, కాకపోతే ఓపిక కావాలి. పొరుగునున్న మహారాష్ట్రలో పైలట్ అమోల్ యాదవ్ ముంబయిలోని ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో దాన్ని పెట్టారు. రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగిరేందుకు అనుమతి 2019లో దొరికింది. డీజీసీఏ అనుమతి, రేడియో పరికరాలకు లైసెన్సు.. రెండూ లేకుండా మన దేశంలో విమానం మీద స్క్రూ కూడా మార్చలేం అనుకోండి.

మన జిల్లా కుర్రాళ్లకు ఇప్పుడు ఇది దూరపు ముచ్చట కాదు. వరంగల్ దగ్గర నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయాన్ని మళ్లీ అభివృద్ధి చేసేందుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది. రన్‌వే వస్తే దాని వెంట నావిగేషన్, నిఘా పరికరాలూ వస్తాయి. వాటిని చూసుకునే మనుషులూ కావాలి.

దారులు మూడు. బీటెక్ ఈసీఈ చేసినవాళ్లకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఎలక్ట్రానిక్స్ పోస్టులు ఉంటాయి. రాడార్లు, ఏడీఎస్-బీ స్టేషన్లు చూసుకునేది వీళ్లే. ఇంటర్ ఎంపీసీ తర్వాత ఏఎంఈ కోర్సు చేసి, డీజీసీఏ లైసెన్సులో బీ2 విభాగం తీసుకుంటే విమానంలోని ఏవియానిక్స్ మీద సంతకం పెట్టే అధికారం వస్తుంది. చేత్తో పని చేయడం ఇష్టమైతే ముందు హ్యామ్ రేడియో లైసెన్సు పరీక్ష రాయండి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అందుకు దారి చూపిస్తుంది.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం వెతుకుతున్నారా? కాలేజీ ల్యాబ్ ద్వారా, కావాల్సిన అనుమతులు చూసుకుని, వినడానికి మాత్రమే ఒక రిసీవర్ పెట్టండి. ఒక వారం మామూలు కడ్డీతో, ఇంకో వారం అదే కడ్డీకి రేకు పళ్లెం జోడించి, ఏ దిక్కున ఎంత దూరం వినపడిందో గ్రాఫ్ గీయండి. రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూపించండి. ఇంటర్వ్యూలో 'గ్రౌండ్ ప్లేన్ అంటే ఏంటి?' అని అడిగితే మీరు నిర్వచనం అప్పజెప్పక్కర్లేదు.