తూటాలు నింపే యంత్రం.. తెలియక కొంటే తంటా
- వీడియోల్లో చూడటానికి సులువే.. మన చట్టంలో యంత్రం కూడా ‘తూటా’తో సమానం
- లైసెన్సు తుపాకీ ఉన్నవారు తెలుసుకోవలసిన సంగతులు

కరీంనగర్, ఆదిలాబాద్: బల్లకు బిగించిన ఇనుప యంత్రం.. పిడిని ఒక్కసారి కిందికి లాగితే ఒక తూటా తయారై పక్కనున్న డబ్బాలో పడుతుంది. అమెరికాలోని తుపాకీ ప్రియులు ఇంట్లోనే వాడే ఈ యంత్రం పేరు ప్రోగ్రెసివ్ ప్రెస్. సెల్‌ఫోన్‌లో ఇలాంటి దృశ్యాలు చూసినప్పుడు, లైసెన్సు తుపాకీ ఉన్న ఎవరికైనా ‘కాల్చిన తూటాలను మనమూ మళ్లీ నింపుకోవచ్చు కదా’ అన్న ఆలోచన రావడం సహజం. అక్కడి వినోదం ఇక్కడ ఏళ్ల తరబడి జైలుకు దారి తీయగలదు. ఆ యంత్రం ఏమిటి, దాన్ని ఎలా ఎంచుకుంటారు, ఎలా అమర్చుకుంటారు, మన చట్టం ఏమంటోంది అన్న వివరాలు ఇవి.

తూటాలో ఏముంటుంది?

రైఫిల్, పిస్తోలు తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గొట్టం (కేసు), దాని అడుగున నిప్పురవ్వ పుట్టించే ప్రైమర్, లోపల మందు, పైన గుండు. మన జిల్లాల్లో ఎక్కువమందికి తెలిసిన 12 బోరు తూటాలో గొట్టం ప్లాస్టిక్‌తోను, అడుగుభాగం లోహంతోను ఉంటుంది. మందుకు, సీసపు రవ్వలకు మధ్య వాడ్ అనే అడ్డు ఉంటుంది. కాల్చిన తరువాత మిగిలేది ఖాళీ గొట్టం మాత్రమే. పేలుడు ఒత్తిడికి అది కొంత ఉబ్బుతుంది. దాన్ని తిరిగి కొలతకు తెచ్చి, పాత ప్రైమర్ తొలగించి, కొత్తది అమర్చి, మందు పోసి, గుండు బిగించడాన్నే రీలోడింగ్ అంటారు.

సిరిసిల్ల సాంచాలాంటిదే

ఈ పనికి మూడు రకాల యంత్రాలున్నాయి. మొదటిది సింగిల్ స్టేజ్. పిడి లాగిన ప్రతిసారీ ఒక్క పనే జరుగుతుంది. వంద గొట్టాలకు మొదటి పని పూర్తిచేసి, ఆపై రెండో పని మొదలుపెట్టాలి. రెండోది టరెట్. పనిముట్లన్నీ తిరిగే తలపై ఉంటాయి. తల తిప్పుతూ ఒక్కో తూటాను పూర్తి చేస్తారు. మూడోది ప్రోగ్రెసివ్. ఇందులో గొట్టాలు ఒక పళ్లెంపై వరుసగా నిలబడి ఒక్కో మెట్టు ముందుకు జరుగుతాయి. ఒకచోట పాత ప్రైమర్ ఊడుతున్నప్పుడే మరోచోట మందు పడుతుంది, ఇంకోచోట గుండు కూర్చుంటుంది.

సిరిసిల్ల సాంచాను దగ్గరి నుంచి చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. సాంచాలో పడుగు విడివడటం, నాడె దూరడం, పేకను దగ్గరకు కొట్టడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి. మనిషి పని కనిపెట్టుకొని ఉండటమే. అయితే సాంచాలో తప్పు జరిగితే బట్ట చెడుతుంది. ఇక్కడ తప్పు జరిగితే కన్నో, చెయ్యో పోతుంది.

ఎంపికలో ఏం చూస్తారు?

చట్టం అనుమతించే దేశాల్లో కొనుగోలుదారులు ముందుగా నెలకు ఎన్ని తూటాలు కాలుస్తామన్నది లెక్క వేసుకుంటారు. కొద్దిగా కాల్చేవారికి సింగిల్ స్టేజ్ చాలు. పోటీల కోసం వేలల్లో కాల్చేవారే ప్రోగ్రెసివ్ జోలికి వెళతారు. పళ్లెం చేత్తో తిరగాలా, దానంతటదే తిరగాలా అన్నది రెండో ప్రశ్న. అమెరికాలోని డిల్లాన్ సంస్థ తయారుచేసే ఆర్ఎల్ 550 రకంలో నాలుగు స్థానాలుంటాయి, పళ్లేన్ని చేత్తో తిప్పాలి. అదే సంస్థ ఎక్స్ఎల్ 750లో ఐదు స్థానాలుంటాయి, పళ్లెం తానే తిరుగుతుంది. అదనంగా ఉన్న స్థానంలో మందు మట్టాన్ని పరీక్షించే పరికరం పెట్టుకోవచ్చు. ఇలా ఇత్తడి తూటాల కోసం చేసిన యంత్రంపై 12 బోరు గొట్టాలు నింపడం కుదరదు. వాటికి ఎంఈసీ వంటి సంస్థలు వేరే యంత్రాలు తయారుచేస్తాయి.

అమరికలోనే అసలు కిటుకు

యంత్రాన్ని కదలని బరువైన బల్లకు బిగించాలి. బల్ల ఊగితే మందు కొలత మారుతుంది. అన్ని స్థానాలను ఒకేసారి సరిచేయడం మొదటి పొరపాటు. ఒక్క గొట్టాన్ని మాత్రమే పెట్టి, ఒక్కో స్థానాన్ని సరిచూసుకుంటూ ముందుకు సాగాలి. మందు కొలతను తయారీదారు ముద్రించిన పట్టిక నుంచే తీసుకోవాలి, కాటాలో పదేపదే తూచాలి. బల్లపై ఒకే రకం మందు ఉండాలి. కళ్లద్దాలు తప్పనిసరి. పొగ తాగడం, మాటల్లో పడటం పనికిరావు.

ప్రోగ్రెసివ్ యంత్రంలో రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి. చేత్తో తిప్పే పళ్లేన్ని తిప్పడం మరిచి పిడి మళ్లీ లాగితే ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పడుతుంది. అలాంటి తూటా తుపాకీనే పేల్చివేయగలదు. మందు అసలు పడకపోతే ప్రైమర్ బలానికే గుండు కదిలి గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. అది గమనించక మరో తూటా కాలిస్తే గొట్టం పగులుతుంది. వేగం పెరిగేకొద్దీ ఏమరుపాటుకు చెల్లించే మూల్యమూ పెరుగుతుంది.

మన చట్టం ఏమంటోంది?

ఆయుధాల చట్టం-1959లోని సెక్షన్ 2 ‘తూటా’ అన్న మాటకు విస్తృతమైన నిర్వచనం ఇచ్చింది. తూటా విడిభాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. అంటే ఖాళీ యంత్రం ఇంట్లో ఉన్నా చట్టం దృష్టిలో అది మామూలు ఇనుప సామాను కాదు. విదేశం నుంచి తెప్పించుకుందామంటే సెక్షన్ 10 ప్రకారం దిగుమతికి లైసెన్సు ఉండాలి. కొరియర్‌లో వచ్చింది కనుక తప్పు లేదనుకోవడం పొరపాటు.

తుపాకీ ఉంచుకోవడానికి ఇచ్చే లైసెన్సు సెక్షన్ 3 కిందిది. తయారీకి సెక్షన్ 5 కింద వేరే లైసెన్సు కావాలి. మొదటిది ఉంటే రెండోది ఉన్నట్లు కాదు. 2019 డిసెంబరు 14న అమల్లోకి వచ్చిన సవరణతో శిక్షలు కఠినమయ్యాయి. అనుమతి లేకుండా ఆయుధాలు, తూటాలు తయారుచేస్తే ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం వరకు జైలు శిక్ష పడవచ్చు. లైసెన్సు లేకుండా కలిగి ఉన్నా రెండు నుంచి ఐదేళ్ల శిక్ష తప్పదు. ఇక మందు విషయానికొస్తే పేలుడు పదార్థాల చట్టం-1884 వర్తిస్తుంది. దానిని పర్యవేక్షించే కేంద్ర సంస్థ పెసో ప్రధాన కార్యాలయం ఆదిలాబాద్‌కు పొరుగునే ఉన్న నాగపూర్‌లో ఉంది.

‘సొంత వాడకానికే కదా’ అన్న ధీమాతో యంత్రం కొనడం మంచిది కాదు. ఏ సందేహమున్నా ముందుగా లైసెన్సింగ్ అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు చేసి, రాతపూర్వకంగానే జవాబు పొందాలి. కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనర్, మిగిలినచోట జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్ ఆ అధికారిగా ఉంటారు. 1978లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన గడ్డ ఇది. ఇంట్లో మందు, గుళ్లు దొరికితే ఇక్కడ పోలీసులు తేలికగా తీసుకుంటారని ఎవరూ భావించరాదు.

పంట రక్షణ తుపాకీ ఉంటే..

అడవి పందుల బెడద ఉన్న పల్లెల్లో పంట రక్షణ పేరిట లైసెన్సు కోరే రైతులున్నారు. పంట రక్షణకు గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చునని, అది చాలదని అధికారి భావిస్తే మరో రకం నున్నని గొట్టం తుపాకీకి ఇవ్వవచ్చునని సెక్షన్ 13 చెబుతోంది. మూతి నుంచి కూరే తుపాకీలకు నల్లమందే వాడాలి. నేటి తూటాలను విప్పి అందులోని పొగరాని మందును వీటిలో పోస్తే పాత గొట్టం ఆ ఒత్తిడికి తట్టుకోలేక చీలిపోతుంది.

లైసెన్సు ఉన్నంత మాత్రాన వేటకు అనుమతి ఉన్నట్లు కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 వేటను నిషేధించింది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు నివసించే లైసెన్సుదారులు అటవీశాఖ వద్ద పేరు నమోదు చేసుకోవాలని ఆ చట్టంలోని సెక్షన్ 34 నిర్దేశిస్తోంది. ఆ పరిధిలో కొత్త లైసెన్సుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి ఉండాలి. కవ్వాల్ అభయారణ్యం పొరుగున ఉన్న జన్నారం వంటి ప్రాంతాల వారు దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

గురి మీద మక్కువ ఉంటే..

తుపాకీపై ఆసక్తి ఉన్న యువతకు దారి లేకపోలేదు. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో మందూ లేదు, ప్రైమరూ లేదు. గాలి ఒత్తిడితోనే చిన్న సీసపు గుళిక దూసుకుపోతుంది. 2023లో జరిగిన హాంగ్జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ నాలుగు పతకాలు సాధించారు. రైఫిల్ క్లబ్బు సభ్యులకు గురి సాధన కోసం .22 రైఫిల్ లైసెన్సు ఇచ్చే వీలును కూడా సెక్షన్ 13 కల్పిస్తోంది.

లైసెన్సుదారులూ.. ఇవి మరవొద్దు

- ఒకేసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అన్నది లైసెన్సులో రాసి ఉంటుంది. ఆ లెక్క దాటరాదు.
- తూటాలు లైసెన్సు ఉన్న దుకాణంలోనే కొనాలి. రసీదు భద్రపరచాలి.
- లైసెన్సుకు విశిష్ట గుర్తింపు సంఖ్య (యూఐఎన్) ఉన్నదీ లేనిదీ సరిచూసుకోవాలి. గడువు ముగియకముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి.
- 2019 సవరణ తరువాత ఒక వ్యక్తి వద్ద రెండు తుపాకులకు మించి ఉండరాదు.
- లైసెన్సుదారు మరణిస్తే తుపాకీని, తూటాలను వారసులు ఇంట్లో దాచరాదు. పోలీసుస్టేషన్‌లో గాని, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని అప్పగించి, ఆపై తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి.
- పెళ్లి బరాత్‌లో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.
- పాతబడిన, తడిసిన, పచ్చబారిన తూటాలను విప్పడం, ఎండబెట్టడం, కాల్చి చూడటం ప్రమాదకరం. వాటిని డీలరుకు గాని, పోలీసులకు గాని అప్పగించాలి.

తూటా ధర భారమని యంత్రం వైపు చూసేవారు ఒక లెక్క వేసుకోవాలి. పంట కాపలాకు, ఇంటి రక్షణకు తుపాకీ ఉంచుకున్నవారికి ఏడాదికి పట్టే తూటాలు కొద్దే. ఆ కొద్దింటి మీద మిగిలే రూపాయల కోసం ఏడేళ్ల జైలును ఇంటికి తెచ్చుకోవడం తెలివైన బేరం కాదు.