కోటి విద్యలు – కృత్రిమ మేధ

“కోటి విద్యలు కూటి కొరకే” అన్నది తెలుగువారి నోట తరతరాలుగా నానుతున్న సామెత. మనిషి నేర్చిన ప్రతి విద్యా ఏదో ఒక విధంగా జీవికతో ముడిపడి ఉంటుందని దీని సారాంశం. అయితే ఆ కోటి విద్యలలో కొన్నింటిని యంత్రం కూడా నేర్చుకుంటే ఏమవుతుంది? యంత్రానికి ఆకలి లేదు. కూటి అవసరం లేని యంత్రం కూటివిద్యను చేపడితే, ఆ విద్యనే నమ్ముకొన్న మనిషి గతి ఏమిటి? నేడు కళాశాలలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థి మనస్సులోనూ, అతని తల్లిదండ్రుల మనస్సులోనూ మెదలుతున్న ప్రశ్న ఇది. దీనికి సమాధానం వెదకడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. హైదరాబాదులోని ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాలలో ఒక పూట తిరిగినా చాలు.

మొదట కృత్రిమ మేధ అంటే ఏమిటో తెలుసుకోవాలి. 1956లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంతో ఈ శాస్త్రానికి పేరు స్థిరపడింది. దాదాపు ఏడు దశాబ్దాల పరిశోధన తరువాత, 2022 నవంబరులో చాట్ జీపీటీ విడుదలతో అది సామాన్యుల చేతికి అందింది. ఇటువంటి యంత్రం అపారమైన లిఖిత వాఙ్మయాన్ని ఆధారంగా చేసుకొని, ఒక మాట తరువాత ఏ మాట రాదగినదో లెక్కగట్టడం నేర్చుకుంటుంది. ఆ నేర్పుతోనే ఉత్తరం రాస్తుంది, అనువాదం చేస్తుంది, లెక్క సరిచూస్తుంది, కంప్యూటరు ప్రోగ్రాములనూ కూర్చుతుంది. పూర్వపు యంత్రాలు ముఖ్యంగా మనిషి కండబలానికి బదులుగా నిలిచాయి. ఇది అతని అక్షరబలానికి బదులుగా నిలవడానికి వచ్చింది. నేటి భయానికి మూలం ఇక్కడే ఉన్నది.

వృత్తుల పుట్టుకను, పెరుగుదలను, అస్తమయాన్ని ఒకేచోట చూపగల ప్రాంతాలు నగరంలో కొన్నే ఉంటాయి. ఆబిడ్స్‌లో ప్రధాన తపాలా కార్యాలయం ఉంది. నాంపల్లిలో 1907లో నిర్మితమైన రైల్వేస్టేషను ఉంది. దానికి దగ్గరలోనే క్రిమినల్ న్యాయస్థానాలు, 1938లో ఆరంభమైన అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనకు వేదికైన ఎగ్జిబిషన్ మైదానం ఉన్నాయి. ఈ నేలమీద కొన్ని వృత్తులు కనుమరుగయ్యాయి. కొన్ని రూపు మార్చుకొని నిలిచాయి. మరికొన్ని కొత్తగా మొలకెత్తాయి.

తపాలా శాఖనే చూద్దాం. ఒకప్పుడు తంతి అంటే ఇంటిల్లిపాదికీ గుండెదడ. మంచివార్తైనా చెడువార్తైనా కొద్దిపాటి మాటలలో ఇమిడి వచ్చేది. ఆ మాటలను సంకేతాలుగా మార్చి పంపేవారికి ప్రత్యేకమైన శిక్షణ ఉండేది. 2013 జులై 14తో మన దేశంలో తంతి సేవ ముగిసింది. ఆ సంకేత విద్యకు గిరాకీ లేకుండా పోయింది. 1880లో మొదలైన పాత పద్ధతి మనియార్డరు కూడా 2015లో నిలిచిపోయి, ఎలక్ట్రానిక్ రూపం మాత్రమే మిగిలింది. కాని తపాలా బంట్రోతు మాత్రం మిగిలాడు. 2018లో తపాలా శాఖ చెల్లింపుల బ్యాంకు దేశమంతటా ప్రారంభమైన తరువాత అతని చేతిసంచిలో ఉత్తరాలతోపాటు ఒక చిన్న యంత్రం చేరింది. నడవలేని వృద్ధుల ఇంటికి వెళ్లి, వేలిముద్ర తీసుకొని, సొమ్ము చేతికిచ్చే పని అతనిదైంది. మసీదు వెనుక సందులో, వేపచెట్టు పక్క ఇంట్లో, మేడమీద ఉండే ముసలమ్మ ఎవరో అతనికి తెలుసు. సందేశాన్ని మోసే పని తీగలకు, తరంగాలకు అప్పగించవచ్చును. గడప తొక్కి మనిషిని గుర్తుపట్టే పని అంత సులువుగా అప్పగించడం సాధ్యం కాదు.

రైల్వేస్టేషనులోనూ ఇదే కథ. ఆవిరి ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఉద్యోగం, ఇంజనుతో పాటే చరిత్రలో కలిసిపోయింది. 2002లో ఇంటర్నెట్ ద్వారా టికెట్ల అమ్మకం మొదలైన తరువాత రిజర్వేషను కిటికీల ముందు బారులు క్రమంగా తగ్గాయి. అయితే పట్టాలను పరీక్షించేవారు, సిగ్నళ్లను మరమ్మతు చేసేవారు, బండి నడిపేవారు నేటికీ ఉన్నారు. వారి పనిముట్లు మారాయి. వారి అవసరం మారలేదు.

ఇక అక్షరాన్ని నమ్ముకొన్నవారి సంగతి మరింత గమనింపదగినది. ‘రాయసం’ అన్న తెలుగు ఇంటిపేరు ఒక ప్రాచీన వృత్తికి గుర్తు. రాయసగాడు అంటే లేఖకుడు. రాజులకు లేఖలు రాయడం, తాళపత్రాలపై గంటంతో గ్రంథాలకు ప్రతులు తీయడం ఇటువంటి లేఖకుల పని. అచ్చుయంత్రం రావడంతో ప్రతులు తీసే పని సన్నగిల్లింది. దానికి బదులుగా అచ్చుశాలలలో అక్షరాలు కూర్చే కంపోజిటర్లు వచ్చారు. గుణింతాలు, వత్తులు గల తెలుగు లిపిని గళ్లలోనుంచి ఏరి కూర్చడం సామాన్యమైన నేర్పు కాదు. కంప్యూటరు వచ్చి ఆ నేర్పును కూడా కాలగర్భంలో కలిపింది. టైపు మిషను గతి కూడా అంతే. 1955లో మన దేశంలో మొదలైన దేశీయ టైపు మిషన్ల తయారీ 2011 నాటికి ఆగిపోయింది. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను కార్యాలయాలలో ‘కార్డ్’ అనే కంప్యూటరు విధానం ప్రవేశించడంతో, దస్తావేజులను పుస్తకాలలోకి చేతితో ఎక్కించే పని తగ్గిపోయింది.

ఈ పరంపరలో ఒక సూక్ష్మం దాగి ఉంది. సి.పి. బ్రౌన్ 19వ శతాబ్దంలో తెలుగు తాళపత్ర గ్రంథాలను సేకరించినప్పుడు, ప్రతులు రాయడానికి లేఖకులను, వాటిని సరిపోల్చి పరిష్కరించడానికి పండితులను నియమించాడు. ఒకే పద్యం నాలుగు ప్రతులలో నాలుగు విధాలుగా ఉంటే, ఏది సరైన పాఠమో నిర్ణయించడం పండితుని పని. ఛందస్సు, వ్యాకరణం, అర్థం, సందర్భం, కవి శైలి – ఇవన్నీ తెలిసినవాడే ఆ నిర్ణయం చేయగలడు. తరువాతి కాలంలో గంటం పోయింది, సీసపు అక్షరం పోయింది, టైపు మిషను పోయింది. పాఠనిర్ణయం చేసే పండితుని అవసరం మాత్రం పోలేదు. నకలు తీసే పని నశించింది. నిర్ణయం చేసే పని నిలిచింది. కృత్రిమ మేధ కాలంలో ఏ వృత్తి నిలుస్తుందో తెలుసుకోవడానికి ఇదే మొదటి ఒరగల్లు.

రెండవ ఒరగల్లు చేతినేర్పు. యంత్రానికి చెకర్స్ వంటి ఆట ఆడడం కన్నా, ఏడాది బిడ్డకున్నపాటి చూపు, కదలికల నేర్పు అబ్బడమే కష్టమని 1988లో హాన్స్ మొరావెక్ అనే శాస్త్రవేత్త గుర్తించాడు. మనుషులకు కష్టమైనవి యంత్రానికి తేలిక కావచ్చు. మనుషులు ఆలోచించకుండా చేసేవి యంత్రానికి దుస్సాధ్యం కావచ్చు. పాత కట్టడంలో గోడలోపల కారుతున్న గొట్టాన్ని వెదికి పట్టుకొనే ప్లంబరు, చిక్కుపడిన తీగలను విడదీసే ఎలక్ట్రీషియను ఈ కోవకు చెందినవారు. ఏ రెండు ఇండ్లూ ఒక్కలా ఉండవు. ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ సెల్‌ఫోన్ల వ్యాపారానికి, మరమ్మతులకు ప్రసిద్ధి. 1995కు ముందు మన దేశంలో సెల్‌ఫోను సేవలే లేవు. ఆ యంత్రం రావడంతోనే దాన్ని బాగుచేసే వృత్తి పుట్టింది. ఒక ఫోను నీటిలో పడినది, మరొకటి మెట్లమీదనుంచి జారినది, ఇంకొకటి ఎవరో విప్పి పాడుచేసినది. భూతద్దం కింద దాన్ని విప్పి, దోషం ఎక్కడున్నదో వేలికొసతో పసిగట్టే నేర్పు పుస్తకాలనుంచి మాత్రమే అబ్బేది కాదు.

మూడవది బాధ్యత. న్యాయస్థానంలో వకీలు వాదించిన మాటకు వకీలే జవాబుదారి. 2023లో న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు కృత్రిమ మేధ సాయంతో తయారైన పత్రాన్ని సరిచూడక న్యాయస్థానానికి సమర్పించారు. అందులో ఉదాహరించిన కొన్ని తీర్పులు అసలు ఏనాడూ వెలువడినవి కావు. యంత్రం వాటిని కల్పించింది. శిక్ష మాత్రం మనుషులకే పడింది. 5,000 డాలర్ల జరిమానా విధించారు. మన దేశంలో సర్వోన్నత న్యాయస్థానం 2019 నవంబరులో ‘సువాస్’ అనే అనువాద సాధనాన్ని ప్రవేశపెట్టింది. తీర్పులను తెలుగుతో సహా భారతీయ భాషలలోకి అది మార్చుతుంది. అయినా ఆ అనువాదాన్ని సరిచూసే మనుషులు అవసరమయ్యారు. ఒక్క ‘కాదు’ జారిపోతే నిర్దోషి దోషి అవుతాడు. ఆ తప్పుకు యంత్రాన్ని బోనెక్కించలేరు. కాబట్టి సంతకం చేసి బాధ్యత వహించే మనిషి స్థానం నిలుస్తుంది.

నాలుగవది మానవ సంబంధం. నాంపల్లికి సమీపాన రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి ఉంది. రోగి వివరాలను భద్రపరచడంలోనూ, ఎక్స్‌రేను పరిశీలించడంలోనూ యంత్రం వైద్యునికి తోడ్పడగలదు. కాని పసికందు చేతిలో దారంలాంటి నరాన్ని వెదికి సూది వేస్తూ, పక్కన వణుకుతున్న తల్లికి ధైర్యం చెప్పే నర్సు పని వేరు. అక్కడ తల్లి కోరుకొనేది సమాచారం మాత్రమే కాదు, తోటిమనిషి స్వరం. ఉపాధ్యాయ వృత్తి కూడా ఇటువంటిదే. పాఠం యంత్రం చెప్పవచ్చును. వెనుక బల్లపై మౌనంగా కూర్చున్న బాలుని కంటిలోని దిగులును గమనించి పలకరించేవాడు గురువు.

ఈ నాలుగు ఒరగల్లులపై ఏ వృత్తినైనా గీసి చూడవచ్చును. అయితే ఒక విషయం మరువరాదు. ఉద్యోగం అన్నది ఒకే పని కాదు. అనేక పనుల మూట. ఆ మూటలో కొన్నింటిని యంత్రం తీసుకొన్నంత మాత్రాన ఉద్యోగమంతా పోదు. నాడీజాల గణనశాస్త్రంలో మేటి అయిన జెఫ్రీ హింటన్, ఎక్స్‌రేలను చదివే వైద్యులకు శిక్షణ ఇవ్వడం మానుకోవచ్చునని 2016లో అభిప్రాయపడ్డాడు. అయిదేళ్లలో, మహా అయితే పదేళ్లలో యంత్రం వారిని మించిపోతుందని ఆయన అంచనా. ఆయన 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ పురస్కారం పొందిన మహామేధావి. అయినా ఆ వైద్యుల అవసరం నేటికీ తీరిపోలేదు. చిత్రాన్ని చదవడం వారి పనులలో ఒకటి మాత్రమే. చికిత్సను చర్చించడం, సందేహాన్ని తేల్చడం, రోగికి వివరించడం మిగిలిన పనులు.

అలాగని భయమంతా నిరాధారమని చెప్పడానికీ వీలులేదు. గుమాస్తా పనులే కృత్రిమ మేధకు అన్నింటికన్నా ఎక్కువగా గురికాగలవని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో తెలిపింది. 2030 నాటికి ప్రపంచంలో 9.2 కోట్ల ఉద్యోగాలు తొలగిపోయి, 17 కోట్ల కొత్త ఉద్యోగాలు రావచ్చునని ప్రపంచ ఆర్థిక వేదిక 2025లో అంచనా వేసింది. లెక్కలో కూడిక ఎక్కువే. అయితే పోయిన ఉద్యోగం ఒకరిది, వచ్చిన ఉద్యోగం మరొకరిది కావచ్చు. యాభై ఏళ్ల టైపిస్టుకు ఆ కూడిక ఓదార్పు కాజాలదు. మరొక చిక్కు కూడా ఉంది. కొత్తగా చేరినవారు చిన్నపనులు చేస్తూ పెద్దపనులు నేర్చుకొనేవారు. నకలు రాస్తూ రాస్తూ పాఠభేదాలను గుర్తించే స్థాయికి ఎదిగిన లేఖకులు ఉండి ఉంటారు. ఆ చిన్నపనులన్నీ యంత్రానికే అప్పగిస్తే, రేపటి నిపుణులు ఏ మెట్టుమీదనుంచి పైకి ఎక్కాలి? సంస్థలూ, ప్రభుత్వాలూ, విద్యాలయాలూ కలిసి ఆలోచించవలసిన ప్రశ్న ఇది. అదీగాక, నిలిచే వృత్తులన్నీ మంచి వేతనం ఇచ్చేవి కావు. స్టేషనులో మూటలు మోసే కూలీ పని నిలిచినంత మాత్రాన అతని బతుకు బాగుపడినట్లు కాదు. నిలిచే పనికి తగిన కూలి, గౌరవం దక్కేలా చూడడం సమాజ ధర్మం.

ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాటలమీద పాత పుస్తకాల బజారు సాగుతుంది. ఏ పుస్తకం ఎక్కడ దొరుకుతుందో క్షణంలో చెప్పే యంత్రం ఈనాడు ప్రతివారి జేబులోనూ ఉంది. అయినా ఆ బజారుకు జనం వస్తూనే ఉన్నారు. పోటీపరీక్షల పుస్తకం కోసం వచ్చిన కుర్రవాణ్ణి చూసి, ఏ ముద్రణ పాతబడిందో, ఏది కొనవచ్చునో చెప్పగల అమ్మకందారు అక్కడ ఉంటాడు. జేబులో డబ్బు చాలదని గ్రహించి ధర తగ్గించేదీ అతడే. ఆ పుస్తకాన్ని అచ్చుకూర్చిన కంపోజిటరు వృత్తి నేడు లేదు. దాని విలువ ఎరిగి, చదువరి అవసరం ఎరిగి, చేతికందించే వృత్తి ఉన్నది.

విద్యార్థి ఏ కోర్సులో చేరినా తన విద్యలో నకలు ఎంత, నిర్ణయం ఎంత అని ప్రశ్నించుకోవాలి. కంఠస్థం చేసి అప్పగించే చదువు యంత్రంతో పోటీకి దిగిన చదువు. ఆ పోటీలో గెలుపు యంత్రానిదే. అర్థం చేసుకొని, సందేహించి, సరిచూసి, తన మాటకు తాను నిలబడే చదువు యంత్రాన్ని పనిముట్టుగా చేసుకొనే చదువు. రాయసగాని గంటం చేతిలో లేకపోయినా, నాలుగు పాఠాలలో సరైనదేదో తేల్చే చూపు ఉన్నవానికి కూటివిద్య కరవు కాదు.